జొరం దిగేదాకా

తొంభైల మొదట్లో నాకు అరకు దాటి లోపలికి ఉన్న ఒక సబ్‌సెంటర్‌లో నర్సుగా పోస్టింగ్ ఇచ్చారు. మా వైపు వాళ్ళంతా "అరకా! అదృష్టవంతురాలివి, జనం టిక్కెట్లు కొనుక్కుని మరీ చూడ్డానికి పోతారు" అన్నారు. నిజమే. పొద్దున రైల్లో వచ్చి, సొరంగాల్లో కేకలు వేసి, సాయంత్రానికి కిందికి దిగిపోయేవాళ్ళకి అరకు చాలా బాగుంటుంది. నాకిచ్చింది రెండు గదుల క్వార్టరు. ముందు గది ఆసుపత్రి, వెనక గది ఇల్లు. మధ్యలో తలుపు లేకపోతే నా పాత చీర ఒకటి అడ్డం కట్టాను. వానాకాలంలో మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చేసేది. ఆరేసిన బట్టలు వారమైనా ఆరేవి కావు, అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదు. మాట్లాడ్డానికి మనిషి లేక కిరసనాయిలు స్టవ్‌తో మాట్లాడేదాన్ని. దాన్ని తిట్టినన్ని తిట్లు జన్మలో ఇంకెవరినీ తిట్టలేదు.

మా ఆయన కింద, విజయనగరం దగ్గర, ఒక రైసుమిల్లులో గుమస్తా. మొదటి ఏడాది నెలకోసారి వచ్చేవాడు. ఆ తర్వాత ఎప్పుడైనా ఒకసారి. ఆ తర్వాత రాలేదు. మేమేమీ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే కనీసం చెప్పుకోవడానికి ఒక కారణం ఉండేది. ఎవరైనా అడిగితే ఆయనకి తీరికుండదండీ అందామని మాట సిద్ధంగా పెట్టుకున్నాను గానీ, ఆ కొండ మీద అడిగేవాళ్ళు కూడా లేకపోయారు.

నా పని చుట్టుపక్కల గూడేలకు పోయి గర్భిణులను చూడటం, పసిపిల్లలకు టీకాలు వేయడం. బుధవారం టీకాల రోజు. పొద్దున్నే మండలం ఆసుపత్రికి పోయి, ఐసు మధ్య మందు సీసాలు సర్దిన నీలం డబ్బా భుజానికి తగిలించుకుని కొండెక్కేదాన్ని. సిరంజిలు అప్పట్లో గాజువి. ముందు రోజే ఉడకబెట్టి స్టీలు డ్రమ్ములో పెట్టుకోవాలి. స్టవ్‌తో నా తగాదా అంతా అక్కడే.

కింద ఊళ్ళల్లో నన్ను సిస్టర్ అనేవాళ్ళు, మీరు అనేవాళ్ళు. పైన అందరూ నువ్వే. పాస్టరుగారినీ నువ్వే, డాక్టరుగారినీ నువ్వే, జీపులో ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా నువ్వే. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. చదువుకున్నదాన్ని, తెల్లచీర కట్టుకున్నదాన్ని, అయినా లెక్కలేదా అనుకునేదాన్ని. తర్వాత తర్వాత, పొద్దున్నుంచి నన్ను పలకరించిన మనిషి లేని రోజుల్లో, ఎవరో ఒకావిడ కట్టెల మోపు దించకుండానే "నర్సమ్మా, ఎక్కడికెల్తన్నావు" అంటే ప్రాణం లేచొచ్చేది.

నాకు అప్పగించిన గూడేలన్నిటిలోకీ ఒకటి బాగా పైన ఉంది. కాఫీ తోటలు దాటి, గెడ్డలో మోకాలి లోతు నీళ్ళల్లో నడిచి, వలిసె చేల గట్ల మీదుగా పోవాలి. ఆ గూడెంలో ఒక్క తల్లీ బిడ్డకు సూది వేయించేది కాదు. తిట్టరు, తరమరు. అరుగు మీద చాప వేస్తారు. ఎండాకాలమైతే చోడంబలి పోస్తారు. నేను డబ్బా మూత మీద చెయ్యి వేశానో లేదో, నీళ్ళకనో కట్టెలకనో ఒక్కొక్కరే లేచి పోతారు. కాసేపటికి అరుగు మీద నేనూ, నా డబ్బా, వాళ్ళ కోళ్ళూ మిగిలేవాళ్ళం. ఐసు కరిగేలోపు కిందికి దిగాలి కదా అని ఆ కోళ్ళతో చెప్పి వచ్చేసేదాన్ని.

కారణం మా సెంటర్ ఊడ్చే అప్ప చెప్పింది. నాకంటే ముందు పనిచేసిన నర్సు ఆ గూడెంలో ఒక మగబిడ్డకు సూది వేసిందట. వేసి, సాయంత్రం మండలానికి పోయే బండి అందుకోవాలని దిగి వచ్చేసింది. ఆ రాత్రి బిడ్డకు జ్వరం వచ్చింది. వచ్చింది తగ్గలేదు. కొన్నాళ్ళు అలాగే కాలి కాలి బిడ్డ పోయాడు. సూది వల్ల వచ్చే జ్వరం ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. అన్నాళ్ళు ఉండి ప్రాణం తీసిందంటే అది చలిజ్వరం అయి ఉండాలి. ఆ కాలంలో కొండల మీద దోమలకూ కొదవలేదు, చలిజ్వరానికీ కొదవలేదు. అయితే రక్తం తీసి చూసినవాళ్ళు లేరు, కాబట్టి నేను అనుకోవడమే తప్ప ఎవరికీ తెలియదు. ఆ నర్సు బదిలీ చేయించుకుని పోయింది. ఆ గూడేనికి మళ్ళీ వెళ్ళలేదట.

ఆ తల్లిని నేను మొదటిసారి చూసేసరికి మళ్ళీ నిండు నెలలతో ఉంది. చిన్న మనిషి, నాకంటే వయసులో చిన్నది. గూడెం చివరింట్లో అత్తతో ఉంటుంది. మొగుడు కాఫీ తోటల్లో కూలికి పోతాడు. ఆమె నోటి వెంట మాట రావడమే గగనం. పురుడు అత్తే పోసింది. ఆడపిల్ల. నేను వెళ్ళి బిడ్డను తూస్తానంటే చేతికిచ్చింది. బొడ్డు చూస్తానంటే చూడనిచ్చింది. నా కన్ను డబ్బా వైపు తిరగగానే బిడ్డను తీసుకుని గుడ్డలో చుట్టి వీపుకు కట్టేసుకుంది.

సూదికీ ఆ మొదటి బిడ్డ చావుకీ సంబంధం లేదని ఆమెకు నేను చెప్పని తీరు లేదు. నేల మీద దోమ బొమ్మ గీసి చూపించాను. కింద ఊళ్ళల్లో సూదులు వేయించుకుని గంతులేస్తున్న పిల్లల సంగతులు చెప్పాను. కావాలంటే నా చేతికి నేనే గుచ్చుకుని చూపిస్తానన్నాను. అన్నీ శ్రద్ధగా విన్నది. విని, "అంబలి పొయ్యనా?" అంది.

ఆ చలికాలం కోరింత దగ్గు వచ్చింది. గెడ్డకు అవతలి కొండ మీద మొదలైంది. ఆ దగ్గు విన్నవాళ్ళు దాన్ని మరిచిపోలేరు. పెద్దపిల్లలైతే కక్కుకుంటూ, కళ్ళు ఎర్రబడి, ఎలాగో గట్టెక్కుతారు. చంటివాళ్ళకు దగ్గే ఓపిక కూడా ఉండదు, ఊపిరందక నీలంగా అయిపోతారు. అవతలి కొండ మీద పసివాళ్ళు పోతున్నారని సంతలో విన్నాను. అడ్డాకుల కట్టలు అమ్ముకుంటున్న ఆడవాళ్ళు ఆ మాట చెప్పుకుని, మళ్ళీ బేరంలో పడ్డారు. ఈ గూడెం చివరింటి గుంటకు, అదే ఆ ఆడపిల్లకు, అప్పటికి రెండో నెల నడుస్తోంది. నాకు ఇరవైనాలుగు గంటలూ ఆ బిడ్డే కళ్ళముందు మెదిలేది. ఆ తల్లి వేయిస్తే గూడెంలో మిగతావాళ్ళు వేయిస్తారు. ఆమెకు మించి భయపడే హక్కు అక్కడ ఇంకెవరికీ లేదు. ఆమె కాదన్నంతకాలం దగ్గు గెడ్డ దాటి రావడానికి అడ్డేమీ లేదు.

ఆ రోజుల్లోనే మండలంలో పెద్దలందరినీ పిలిచి మీటింగు పెట్టారు. కొండవాళ్ళ చేత టీకాలు ఎలా వేయించాలన్నది విషయం. అంతకుముందే పైనుంచి పోస్టర్లు వచ్చాయి. అన్ని టీకాలకూ కలిపి ఒకటే బొమ్మ. కాలు చచ్చుబడి కర్ర పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు, పక్కనే తెల్లచీర నర్సు, ఆమె చేతిలో సూది. కింద అక్షరాలు. అక్షరాలు చదివినవాళ్ళకి అది టీకా వేయించకపోతే వచ్చే గతి. చదవలేనివాళ్ళకి బొమ్మ ఉన్నదున్నట్టే కనపడింది. నర్సు సూది వేసింది, పిల్లవాడి కాలు పోయింది. నేను దాన్ని సెంటర్ గోడకు అంటించిన మర్నాటి నుంచి, జ్వరం మాత్రకు వచ్చేవాళ్ళు కూడా రావడం మానేశారు. ఎందుకో తెలిశాక ఊడపీకి, తిరగేసి, గిన్నెల అలమరలో పరుచుకున్నాను. మంచి దళసరి కాగితం, చాలాకాలం వచ్చింది.

మీటింగులో డాక్టరుగారు భయపెట్టక తప్పదన్నారు. దగ్గుతో పోయిన పిల్లల సంగతి మైకులో చెప్పిస్తే దిగొస్తారన్నారు. హెడ్‌మాస్టరుగారు ఇంకో మెట్టెక్కి, "టీకా వేయించని ఇంటికి బియ్యం ఆపేయండి, వాళ్ళే పరిగెత్తుకొస్తారు" అన్నారు. పాస్టరుగారు లేచి, "ఆకలితో బెదిరించి చేసేది మేలెలా అవుతుందండీ?" అన్నారు. తాను ఆదివారం ప్రార్థన అయ్యాక నెమ్మదిగా చెబుతానన్నారు. దానికి సర్పంచి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నువ్వు సెప్తే నీ మందిరానికొచ్చేటోళ్ళు ఏయించుకుంటారు. మిగిలినోళ్ళు అది మందిరం సూదని ఇంకా దూరం పోతారు."

అందరూ నవ్వారు, పాస్టరుగారు కూడా. ఆ నవ్వులో నాకు కొంచెం ధైర్యం వచ్చి లేచాను. సూది వేశాక జ్వరం వస్తుందని తల్లులకు ముందే చెప్పేద్దామా అని అడిగాను.

"చెప్పకండి సిస్టర్" అన్నారు డాక్టరుగారు. "చెబితే వచ్చే నలుగురూ రారు."

"చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదాండీ?" అన్నారు పాస్టరుగారు.

"అబద్ధం ఎందుకవుతుందండీ? అన్నీ చెప్పకపోవడం, అంతే."

డాక్టరుగారు చెడ్డమనిషి కాదు. అంత మేర కొండలకూ ఆయనొక్కడే. ఎప్పుడు చూసినా నిద్రలేని మొహం. ఆయనకు బిడ్డ బతకడం కావాలి, ఎలా ఒప్పించామన్నది తర్వాత. పాస్టరుగారికి ఎలా ఒప్పించామన్నదీ కావాలి. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచేది, అదే నా బాధ. చర్చ భోజనాలదాకా సాగి, భోజనాల తర్వాత మళ్ళీ సాగింది. తల్లుల గురించి అంతసేపు మాట్లాడుకున్న ఆ గదిలో చంకలో బిడ్డ ఉన్న మనిషి ఒక్కతె కూడా లేదు.

ఆ బుధవారం గూడెం ఎక్కుతూ, చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాను. చివరింటి అరుగు మీద అత్త చోళ్ళు చెరుగుతోంది. కోడలు బిడ్డకు పాలిస్తోంది. నేను నిలబడే చెప్పాను. సూది వేస్తే సాయంత్రానికి జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది, బిడ్డ ఏడుస్తుంది, అయినా వేయించాలి, దగ్గు పక్క కొండ దాకా వచ్చేసింది అన్నాను. ముసలామె చేట ఆపింది.

"జొరం వత్తాదని నీకు ముందే తెలుసునా?"

"తెలుసమ్మా. వచ్చి పోతాది."

"వచ్చినపుడు నువ్వేటి సేత్తావు?"

"మాత్ర ఇచ్చి వెళ్తాను. పాలల్లో అరగదీసి పట్టండి."

"ఎల్లిపోతావు."

"బండి వెళ్ళిపోతాది కదమ్మా."

"ఆ నర్సమ్మా అలాగే ఎల్లిపోయింది" అంది ముసలామె.

కోపంగా అనలేదు. చోళ్ళల్లో రాళ్ళేరుతూ అంది. "సూది సంపిందని మేమనలేదు. నువ్వే వచ్చినపుడల్లా సూది సంపలేదు, సూది సంపలేదు అంటన్నావు. మా గురువు మందిచ్చినాడంటే జొరం దిగేదాకా ఈ అరుగు మీదే ఉంటాడు. మా కూడే తింటాడు. జొరం పెరిగితే మందు మారుత్తాడు. దిగినాకే పోతాడు. మందిచ్చి ఎల్లిపోయేవోళ్ళని ఏటనుకోమంటావు?"

గురువంటే వాళ్ళ కొండ వైద్యుడు. తాడు కడతాడు, వేర్లు నూరి పోస్తాడు. గూడేల్లో అరుగుల మీద ఆయన కాళ్ళు జాపుకుని కూర్చుని ఉండటం నేను చాలాసార్లు చూశాను. కోడికూరకూ జీలుగు కల్లుకూ మరిగి కదలడం లేదనుకున్నాను. ఆయన అక్కడ ఉండటమే వైద్యంలో సగమని నాకెవరు చెబుతారు? ట్రైనింగులో ఆ పాఠం లేదు. ఆ రోజు కొండ దిగుతుంటే నాకు సిగ్గు కంటే ఎక్కువ ఉక్రోషం వచ్చింది. నెలల తరబడి వాళ్ళడగని ప్రశ్నకు నేను గొంతు చించుకుని జవాబు చెబుతూ ఉన్నాను. మీటింగులోని పెద్దలంతా కూడా అంతే.

మర్నాడే డాక్టరుగారి దగ్గరకు పోయి, వచ్చే వారం రాత్రి గూడెంలోనే ఉంటానన్నాను. ఆయన చదువుతున్న కాగితాలు పక్కన పెట్టారు.

"ఐసు కరిగితే మిగిలిన సీసాలన్నీ పారబోయాలి, తెలుసు కదా?"

"తెలుసు సార్."

"మీరు ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటే పక్క కొండకు ఎవరు పోతారు? అక్కడా బిడ్డలున్నారు."

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆఖరికి ఆయనే, "డబ్బా మాత్రం సాయంత్రం లోపు కిందికి చేరాలి. మీరు ఎక్కడున్నారో నేనడగను" అని మళ్ళీ కాగితాల్లో తల పెట్టుకున్నారు.

వారం తిరిగేసరికి ఒక దుప్పటీ, జ్వరం మాత్రలూ, దువ్వెనా సంచిలో వేసుకుని ఎక్కాను. కోడలు నా సంచి వైపు చూసింది. దుప్పటి అంచు బయటికి కనపడుతోంది. "ఉంటావా?" అంది. ఉంటానన్నాను. వీపున కట్టుకున్న గుడ్డ ముడి విప్పి బిడ్డను నా ఒళ్ళో పెట్టింది. తన చెయ్యి మాత్రం తీయలేదు. సూది వేస్తున్నంతసేపూ ఆమె వేళ్ళు బిడ్డ పాదాన్ని పట్టుకునే ఉన్నాయి. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆమె మొగుడు నా నీలం డబ్బా భుజాన వేసుకుని ఆసుపత్రికి దిగిపోయాడు. డబ్బా లేకుండా ఆ అరుగు మీద కూర్చోవడం అదే మొదలు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చెప్పినట్టే జ్వరం వచ్చింది. పొద్దు వాలేసరికి ఒళ్ళు వెచ్చబడి, దీపాలవేళకు కాలిపోసాగింది. వస్తుందని చెప్పినదాన్ని నేనే, అయినా నిమిషానికోసారి బిడ్డ ఒళ్ళు ముట్టుకుని చూశాను. ఇది సూది జ్వరమే అని నాకు తెలుసు. దోమకు మాత్రం ఆ సంగతి తెలుసా? ఇదే రాత్రి ఏ చలిజ్వరమో వచ్చి పడితే ఇక ఈ కొండ మీద ఏ నర్సూ ఏ బిడ్డనూ ముట్టుకోలేదు. అంతకంటే ముందు, ఈ మనిషి ముఖం నేను ఎలా చూడాలి? మాత్ర ముక్క పాలల్లో కలిపి పట్టించాను. తడిగుడ్డతో తుడిచాను. గూడెంలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అరుగు చివర కూర్చున్నారు. బిడ్డను చూడ్డానికి కాదు, నేనున్నానో లేదో చూడ్డానికి. ముసలామె అందరితోపాటు నాకూ ఆకులో సామన్నం, చిక్కుడుగింజల కూర పెట్టింది. పదిమంది మధ్య కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో. ఆకులో మెతుకు మిగలకుండా తిన్నాను.

తెల్లవారేసరికి బిడ్డ ఒళ్ళు చెమట పట్టింది. తల్లి బిడ్డ నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. చల్లగా ఉంది. అంత చల్లటి చర్మం నేనెప్పుడూ ముట్టుకోలేదనిపించింది. ఇప్పుడేదో ఒక మంచిమాట అంటారని చూశాను. ముసలామె చీపురు తీసుకుని అరుగు ఊడవడం మొదలుపెట్టింది.

"దిగింది. ఇంక పో" అంది.

నేను తెల్లబోయి, దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుని, "సరేనమ్మా, వెళ్ళొ..." అన్నానో లేదో, చీపురు పడేసి గబుక్కున నా నోరు మూసింది. జ్వరం దిగిన ఇంట్లో వెళ్ళొస్తానని అనకూడదట. ఆ మాట విని జ్వరం కూడా మళ్ళీ వస్తుందట. గురువైనా సరే, లేచి, వెనక్కి చూడకుండా, మాట లేకుండా పోవాలి. ఇంట్లోవాళ్ళు సాగనంపకూడదు. నేను అలాగే పోయాను. ఆ ముసలామె అరచేతి మసి నా మూతికి అంటుకుని, గెడ్డ దాటేదాకా నవ్వుకుంటూనే వచ్చాను. క్వార్టరు తలుపు తీసి, స్టవ్ కనపడగానే ఏడుపొచ్చింది.

తర్వాతి నెల ఆ గూడెంలో మిగతా తల్లులూ బిడ్డలను పట్టుకొచ్చారు. అందరికీ ఒకే రోజు వేసి, ఒకే అరుగు మీద ఉండేదాన్ని. దగ్గు గెడ్డ దాటి రానే వచ్చింది. పెద్దపిల్లలను వేధించింది. చివరింటి గుంటకు రాలేదు. సూది వల్లే అని ఎవరూ అనలేదు. గురువు కట్టిన తాడు వల్ల అన్నవాళ్ళున్నారు. నేను వాదించలేదు. బిడ్డ ఉంది, అది చాలు.

ఆ చర్చ మాత్రం అయిపోలేదు. ఏళ్ళు గడిచి కొత్త డాక్టర్లు వచ్చారు. గాజు సిరంజిలు పోయి వాడి పారేసేవి వచ్చాయి. ఆదివారాలు చుక్కలమందు జీపులు మైకులో పాటలతో తిరిగాయి. ఆ జీపు చప్పుడుకే సగం గూడెం అడవిలోకి పోయేది. పేపర్లో ఉత్తరాలు వచ్చేవి. చట్టం చేసి వేయించాలని ఒకరు, తల్లిదండ్రులకు అడిగే హక్కుందని ఒకరు, అంతా అజ్ఞానమని ఇంకొకరు. అన్నీ చదివేదాన్ని, కొండ మీద చదవడానికి వేరే ఏముంది. ఒకసారి విశాఖపట్నంలో ట్రైనింగులో లేచి, జ్వరం దిగేదాకా ఉండాలండీ అన్నాను. బాగా చెప్పారమ్మా అని చప్పట్లు కొట్టి టీకి వెళ్ళారు. ఎవరు ఉంటారు, ఎలా ఉంటారు? నాకూ తెలియదు. ఉండగలిగిన చోట ఉన్నాను. ఉండలేని చోట ఉండలేనని ముందే చెప్పి వేశాను. కొందరు సరేనన్నారు, కొందరు వెనక్కి పోయారు.

ఆ గుంట పెరిగి, హాస్టల్లో ఉండి చదువుకునే వయసుకు వచ్చింది. ముసలామె పోయింది. అప్పటికి నన్ను కిందికి బదిలీ చేస్తున్నారని కబురు కూడా వచ్చింది. ఆ వానాకాలంలో నాకు చలిజ్వరం పట్టుకుంది. ఊరందరి రక్తం తీసినదాన్ని, నా రక్తం నేనే తీసి పంపించుకున్నాను, మాత్రలు నేనే మింగాను. మధ్య చీర దించుకుని వెనక గదిలో పడుకున్నాను. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. దాహమేస్తే లేవలేక, లేస్తే నిలబడలేక ఉన్నాను. అప్పటికి మా సెంటర్ ఊడ్చే అప్ప కూడా మానేసింది. ఏడవడానికి కూడా ఒక మనిషుండాలని ఆ రోజు తెలిసింది. ఒక్కదాన్నే ఉంటే అదీ రాలేదు.

ఎవరో చీర పక్కకు తీశారు. చివరింటి కోడలు. తల మీద అడ్డాకుల బుట్ట, భుజాల మీద తడిసిన గోనె.

"సంతకి రానేదు నువ్వు" అంది. "సెంటరు తలుపు మూసుందన్నారు."

"జ్వరం. తగ్గిపోతాదిలే. చీకటి పడుతోంది, వెళ్ళు చెల్లీ, గెడ్డ పొంగుతాది" అన్నాను.

ఆమె బుట్ట దించింది. నుదురు మీద చెయ్యి పెట్టి చూసి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"దిగనియ్యి" అంది.

అంతే. గుంట ఎలా ఉందంటే బాగానే ఉందన్నట్టు చెయ్యి ఊపింది. నా స్టవ్ వెలిగించడానికి చూసి, అది మామూలుగానే మొండికేస్తే, బయట చూరు కింద మూడు రాళ్ళు పెట్టి గంజి కాచింది. నేను వణికితే, ఆ మంట దగ్గర ఆరబెట్టిన తన గోనె కూడా తెచ్చి కప్పింది. చెమట పోస్తే తుడిచింది. మధ్యమధ్య మెలకువ వచ్చినప్పుడల్లా కళ్ళు తెరిచి చూసేదాన్ని. గోడ దగ్గర ఆమె అలాగే కూర్చుని ఉండేది. ఉందిలే అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకునేదాన్ని. నా పెళ్ళయ్యాక, నా ఉద్యోగం వచ్చాక, అంత నిశ్చింతగా నేనెప్పుడూ నిద్రపోలేదు.

మబ్బు తెల్లబడుతుండగా ఒళ్ళంతా తడిసిపోయి లేచాను. ఆమె వచ్చి నా మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. నా చెయ్యి పట్టుకుని నా నుదుటి మీదే పెట్టింది. తర్వాత గంజి గిన్నె కడిగి బోర్లించింది. గోనె దులిపి భుజాన వేసుకుంది. బుట్ట తలకెత్తుకుంది.

ఉండమని అడగాలనిపించింది. కనీసం వెళ్ళి రమ్మనాలనిపించింది. రెండూ అనకూడదు. ఆమె వెనక్కి చూడలేదు. చీర ఊగి ఆగిపోయింది. బురదలో అడుగుల చప్పుడు కాసేపు వినపడి, వానలో కలిసిపోయింది.

నేను మళ్ళీ మెడ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను, ఇంకా ఎక్కడైనా కాస్త వేడి మిగిలి ఉందేమోనని. లేదు. పూర్తిగా దిగిపోయింది.